హగరి ఇసుకను 8 బిట్ ఆటలో పెట్టడం: ప్రాజెక్టు డైరీ

ఈ ఆటకు ఇంకా పేరు పెట్టలేదు. కంప్యూటర్లో ఫోల్డర్ పేరు 'చెలమ', ప్రస్తుతానికి అదే నడుస్తోంది. నింటెండో ఫామికామ్ కోసం, అంటే ఒకప్పుడు మన ఇళ్లలో 'టీవీ వీడియో గేమ్' అని కొనుక్కున్న క్లోన్ పెట్టెల మీద ఆడేలా, అనంతపురం జిల్లా పడమటి అంచున హగరి ఏటి ఒడ్డు ఇసుక మేటల్లో సాగే ఎడారి ఆట ఇది. ఒక అమ్మాయి ఖాళీ బిందెతో ఊరి నుంచి బయల్దేరి, మేటలు దాటి, ఏటి ఇసుకలో చెలమ తవ్వి నీళ్లు ఇంటికి తేవడమే ఆట. ఎమ్యులేటర్లో (పాత యంత్రాన్ని కంప్యూటర్లో అనుకరించే ప్రోగ్రాంలో) ఆడితే చాలు అనుకునేవాళ్లకు ఇందులో సగమే పనికొస్తుంది. అసలు పెట్టె మీద, పాత పిక్చర్ ట్యూబ్ టీవీలో నడిపించాలనుకునేవాళ్ల కోసమే మిగతా సగం, ఎందుకంటే పాడైనవన్నీ అక్కడే పాడయ్యాయి.

మొదలుపెట్టే ముందు పాత ఎడారి ఆటలను మళ్లీ ఆడి నోట్స్ రాసుకున్నాను. 1988లో వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్ 3లో రెండో ప్రపంచం ఎడారి. అక్కడ గుర్తుండిపోయేది పసుపు రంగు కాదు, ఆకాశంలోంచి మీదికి దూకే సూర్యుడు, కాళ్లు దిగబడే ఊబి. అదే ఏడాది అమెరికాలో వచ్చిన సూపర్ మారియో 2లో ఇసుక తవ్వుకుంటూ కిందికి దిగే గదులు ఉంటాయి. 1992 నాటి డెజర్ట్ స్ట్రైక్‌లో హెలికాప్టర్ ఇంధనం అయిపోవడమే ఎడారి. అదే ఏడాది డ్యూన్ 2లో కట్టడాలు రాతినేల మీదే కట్టాలి, ఇసుక మీదికి వెళ్లిన బండిని పురుగు మింగేస్తుంది. వీటిలో ఏదీ రంగుతో ఎడారి కాలేదు, నియమంతో అయింది. నాకు కావలసిన నియమం మాత్రం వీటిలో లేదు. హగరి ఇసుకకు దాని నియమాలు దానికి ఉన్నాయి, వాటిని కొలిచి పెట్టాలి.

సామాను:

1. 60 పిన్నుల క్లోన్ పెట్టె, 50 హెర్ట్‌జ్, పాల్ (మన టీవీల పద్ధతి) రంగు.
2. 14 అంగుళాల పిక్చర్ ట్యూబ్ టీవీ.
3. కోడ్‌కు సీఏ65 అసెంబ్లర్, టైల్స్‌కు (తెర బొమ్మను కట్టే 8×8 పిక్సెళ్ల ముక్కలకు) వైవై-సీహెచ్ఆర్, సంగీతానికి ఫామిట్రాకర్, పరీక్షకు మెసెన్ ఎమ్యులేటర్.
4. టీఎల్ 866 ప్రోగ్రామర్ (చిప్‌లోకి కోడ్ ఎక్కించే పరికరం), 128 కేబీ ఫ్లాష్ చిప్, 8 కేబీ ర్యామ్ చిప్, 74161, 7432 అనే చిన్న లాజిక్ చిప్పులు. ఈ నాలుగు చిప్పులతో యూఎన్‌రామ్ తరహా కార్ట్రిడ్జ్ అవుతుంది. కాంట్రా అమెరికన్ కార్ట్రిడ్జ్‌ది కూడా ఇదే తరహా.
5. మల్టీమీటర్, స్కేలు, స్కూలు జామెట్రీ బాక్సులోని కోణమానిని. ఈ చివరిది ఎందుకో అయిదో దశలో తెలుస్తుంది.

దశ 1: రంగులు

ఈ యంత్రం బ్యాక్‌గ్రౌండ్‌కు నాలుగు పాలెట్లు (రంగుల గుంపులు) ఇస్తుంది. ఒక్కో దాంట్లో మూడు సొంత రంగులు, అన్నిటికీ కలిపి ఒక ఉమ్మడి రంగు, మొత్తం 13. ఒక పాలెట్‌ను 16×16 పిక్సెళ్ల గడికి తక్కువ చోట పెట్టలేం.

ఉమ్మడి రంగుగా ముందు $21 పెట్టాను, నీలం ఆకాశం. ($ గుర్తు 16 ఆధారంగా రాసే అంకెకు, ఇక్కడ అది యంత్రం రంగు నంబరు.) బొమ్మ బాగానే వచ్చింది కానీ అది మన ఎండాకాలం కాదు. మే నెలలో బొమ్మనహాళ్ వైపు మధ్యాహ్నం ఆకాశం తెల్లబోయి ఉంటుంది, ఇసుకకూ ఆకాశానికీ తేడా తెలియదు. అందుకని ఉమ్మడి రంగు $37 చేసి, ఆకాశానికీ ఎండ పడే ఇసుకకూ అదే వాడాను. ఒక రంగు కూడా మిగిలింది. అయితే మేట అంచు ఎక్కడుందో కనబడక ఎక్కడ దూకాలో తెలియలేదు. అంచున $17తో ఒక పిక్సెల్ గీత గీశాను. ఎమ్యులేటర్లో అద్దంలా ఉంది, టీవీలో ఆ గీత చుట్టుపక్కల రంగులో కరిగిపోయింది. రెండు పిక్సెళ్ల మందం చేస్తేనే నిలిచింది.

నీడకు గళ్లగళ్లుగా చుక్కలు పెట్టే పాత పద్ధతి ఈ టీవీలో పనిచేయదు. పక్కపక్క పిక్సెళ్లు మారిపోతుంటే కాంపోజిట్ సిగ్నల్లో వెలుగూ రంగూ కలిసిపోయి, చుక్కలు పాకుతున్నట్టు కనిపిస్తాయి. అడ్డగీతలకు ఆ బాధ లేదు. ఇసుక మీద గాలి గీసే అలలు కూడా దూరం నుంచి అడ్డగీతల్లాగే ఉంటాయి కాబట్టి చుక్కలన్నీ తీసేసి గీతలు పెట్టాను.

చెట్ల విషయంలో ఒక నిర్ణయం. చేతులు చాచినట్టు నిలబడే పెద్ద కాక్టస్ అమెరికాలో అరిజోనా వైపు సొనోరా ఎడారిది, పిరమిడ్ ఈజిప్టుది. రెండూ లేవు. తుమ్మ, ఈత, జిల్లేడు, బ్రహ్మజెముడు పెట్టాను. జిల్లేడు ఆకుకు పచ్చ కావాలి, ఆ పాలెట్టే తుమ్మకు కూడా సరిపోయింది.

ఇప్పటిదాకా: టైల్స్ 256లో 88. శాశ్వత బ్యాంకు (కార్ట్రిడ్జ్ చిప్‌లో ఎప్పుడూ అందుబాటులో ఉండే భాగం) 16,384 బైట్లలో 4,870. ర్యామ్ 2,048లో 769.

దశ 2: ఇసుక కదలడం

మేట మీద ఇసుక జారుతున్నట్టు కనిపించాలంటే టైల్ బొమ్మలనే మార్చాలి. కార్ట్రిడ్జ్‌లో బొమ్మలకు రామ్ (ROM, చదవడానికే వీలయ్యేది) కాకుండా ర్యామ్ (RAM, రాయడానికి కూడా వీలయ్యేది) పెట్టింది దీనికోసమే. బొమ్మ మార్చడానికి ప్రతి ఫ్రేమ్‌లో దొరికే సందు వీబ్లాంక్ (ఒక ఫ్రేమ్ గీయడం అయ్యాక తర్వాతిది మొదలయ్యేలోపు విరామం) ఒక్కటే.

మొదటి పద్ధతిలో ఎనిమిది టైల్స్‌ను మామూలు లూప్‌తో మార్చాను. మెసెన్‌లో పాల్ మోడ్ పెట్టి చూస్తే చక్కగా నడిచింది. పెట్టెలో వేస్తే తెర పైభాగంలో చెత్త గీతలు, మధ్యమధ్యలో బొమ్మ మొత్తం పక్కకు దూకడం. కారణం దొరకడానికి చాలాసేపు పట్టింది. అసలు పాల్ నింటెండోలో వీబ్లాంక్ 70 గీతలు, దాదాపు 7,459 సైకిల్స్ (ప్రాసెసర్ వేసే అడుగులు). క్లోన్‌లది వేరే లెక్క. 50 హెర్ట్‌జే అయినా, ఎమ్యులేటర్ల వాళ్లు డెండీ అని పిలిచే తరహాలో, బొమ్మ అయిపోయాక 51 గీతలు ఊరికే గడిచి ఆ తర్వాతే మనకు పిలుపు వస్తుంది. అక్కడి నుంచి మిగిలేది 20 గీతలే, దాదాపు 2,273 సైకిల్స్. అమెరికా, జపాన్ యంత్రాల్లో ఉన్నంతే. నా లెక్క ఇలా ఉండేది:

స్ప్రైట్ల (బ్యాక్‌గ్రౌండ్ మీద కదిలే చిన్న బొమ్మల) డీఎంఏ, అంటే వాటి వివరాల టోకు కాపీ: 514
కొత్త నిలువు వరుస, 30 టైల్స్ × 15: 450
రంగుల బైట్లు, 8 × 35: 280
ఇసుక, 128 బైట్లు × 15: 1,920
మొత్తం: 3,164

891 సైకిల్స్ ఎక్కువ. పాల్ మోడ్‌లో ఇది సగం కూడా కాదు, అందుకే అక్కడ తెలియలేదు. మెసెన్‌లో డెండీ మోడ్ ఉంది, ఈ పని చేసేవాళ్లు మొదటిరోజే అది పెట్టుకోండి.

మార్చినవి:

1. ఎనిమిది టైల్స్ బదులు నాలుగే. 16×16 గడి ఒక్కటి కదిలితే మేటంతా కదులుతుంది.
2. లూప్ తీసేసి 64 బైట్లకూ విడివిడిగా లోడ్, స్టోర్ రాశాను. బైటుకు 15 సైకిల్స్ పోయి 8 అయ్యాయి. దీనికి 384 బైట్ల రామ్ ఖర్చు.
3. నిలువు వరుసకూ అదే పద్ధతి, 180 బైట్లు.
4. బొమ్మల టేబుల్ 256 బైట్ల హద్దు మీద మొదలవ్వాలి. హద్దు దాటే ప్రతి లోడ్‌కూ ఒక సైకిల్ అదనంగా పోతుంది.
5. ఇసుక ఒక ఫ్రేమ్‌లో, రంగుల బైట్లు మరో ఫ్రేమ్‌లో.

కొత్త లెక్క: 514 + 240 + 512 + లోపలికి, బయటికి, స్క్రోల్‌కు 100. మొత్తం 1,366. తొమ్మిది వందల సైకిల్స్ మిగులు, తర్వాత దశల్లో ఇవే ఆదుకున్నాయి.

ఇప్పటిదాకా: టైల్స్ 92. శాశ్వత బ్యాంకు 5,434. డేటా బ్యాంకు (అవసరాన్ని బట్టి మార్చుకునే భాగం) 512.

దశ 3: కార్ట్రిడ్జ్

మూడు సమస్యలు వరసగా వచ్చాయి.

మొదటిది: రెండో తెరలోకి నడవగానే మొదటి తెరే మళ్లీ కనబడింది. బోర్డు మీద టంకం వేసే చోటులో మిర్రరింగ్ (రెండు తెరలు పక్కపక్కనా, ఒకదాని కింద ఒకటా అన్న అమరిక) తప్పు వైపు కలిసి ఉంది. పక్కలకు స్క్రోల్ అయ్యే ఆటకు వీడియో ర్యామ్ పదో అడ్రస్ గీత పీపీయూ (బొమ్మ గీసే చిప్) ఏ10కు పోవాలి, పైకీ కిందికీ స్క్రోల్ అయితే ఏ11కు. టంకం పీల్చేసి మార్చాను, సరిపోయింది.

రెండోది: ఎమ్యులేటర్లో గంటల తరబడి నడిచే ఆట పెట్టెలో బ్యాంకు మారిన క్షణంలో నిలిచిపోయింది. యూఎన్‌రామ్‌లో బ్యాంకు మార్చాలంటే $8000 అడ్రస్ పైన ఎక్కడైనా ఒక అంకె రాయాలి. మనం అలా రాస్తున్నప్పుడు అదే అడ్రస్‌లోని రామ్ కూడా తన అంకెను అదే తీగల మీదికి నెడుతుంది. రెండూ వేరైతే ఏది గెలుస్తుందో చెప్పలేం. దీన్ని బస్ కాన్‌ఫ్లిక్ట్ అంటారు. పరిష్కారం తేలిక:

1. శాశ్వత బ్యాంకులో 0, 1, 2... 7 అని ఎనిమిది బైట్ల టేబుల్ పెట్టండి.
2. 3వ బ్యాంకు కావాలంటే ఆ టేబుల్లో 3 ఉన్న చోటే 3 రాయండి.
3. రామ్, మీరు ఒకే అంకె చెబుతారు, గొడవ ఉండదు.

మూడోది: కాసేపు ఆడగానే బొమ్మ పోవడం, ఆపి పదినిమిషాలు ఆగితే మళ్లీ రావడం. కోడ్ అంతా వెతికాక మా వీధి టీవీ మెకానిక్ అన్న పెట్టె వెనక చెయ్యి పెట్టి చూసి, "కోడ్ కాదప్పా, ముందు అడాప్టర్ మార్చు" అన్నాడు. 9 వోల్టులని రాసున్న అడాప్టర్ ఖాళీగా 13.2 ఇస్తోంది, ఆట నడుస్తుంటే 11.8. లోపలి 7805 (వోల్టేజి రెగ్యులేటర్ చిప్) దాన్ని 5 చేయాలి, కరెంటు 0.34 ఆంపియర్లు. అంటే 6.8 × 0.34, దాదాపు 2.3 వాట్ల వేడి, అదీ అనంతపురం మే నెలలో. వేడి మించితే 7805 తనంతట తానే ఆగిపోతుంది. సరిగ్గా 9 వోల్టులిచ్చే రెగ్యులేటెడ్ అడాప్టర్‌తో అది 1.36 వాట్లకు దిగింది. చిన్న అల్యూమినియం హీట్ సింక్ కూడా బిగించాను. తర్వాత ఆగలేదు.

ఇప్పటిదాకా: శాశ్వత బ్యాంకు 5,453. మిగతావి మారలేదు.

దశ 4: సాయంత్రం ఆకుపచ్చగా వచ్చింది

పొద్దు వాలేటప్పుడు తెరంతా ఎర్రబడాలి. దానికి పీపీయూ అమరికలుండే $2001 అడ్రస్‌లో ఎరుపును పెంచే బిట్ ఒకటి ఉంది, ఒక్క రాతతో పని అయిపోతుంది. ఎమ్యులేటర్లో ఎర్ర సాయంత్రం వచ్చింది. టీవీలో మేటలన్నీ పాచి పట్టినట్టు ఆకుపచ్చగా మారాయి. పక్కన కూర్చున్న అక్క కొడుకు "మామా, వానొచ్చి గడ్డి మొలిచిందా?" అన్నాడు.

పాల్ యంత్రాల్లోనూ డెండీ తరహా క్లోన్‌లలోనూ ఎరుపు బిట్, ఆకుపచ్చ బిట్ తారుమారై ఉంటాయి. యంత్రం ఏదో కనిపెట్టి బిట్ మార్చడం ఒక దారి. ఆ బిట్ నిజానికి మిగతా రంగులను మసక చేస్తుంది కాబట్టి ఇసుక మురికిగా కనిపిస్తోంది, అది నాకు నచ్చలేదు. ఆ దారే వదిలేసి నాలుగు పూటలకు నాలుగు పాలెట్లు రాశాను. ఉమ్మడి రంగు పొద్దున $31, మధ్యాహ్నం $37, సాయంత్రం $27, పొద్దు గూకేటప్పుడు $16. ఒక్కసారి మార్చడానికి 16 బైట్లు, 128 సైకిల్స్. వీబ్లాంక్ మొత్తం 1,494 అయింది, ఇంకా చోటుంది.

యంత్రాన్ని కనిపెట్టే కోడ్ మాత్రం ఉంచాను, వేగాల కోసం కావాలి. రెండు వీబ్లాంక్‌ల మధ్య ఒక చిన్న లూప్ ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెట్టడమే. అమెరికా, జపాన్ యంత్రంలో ఫ్రేమ్‌కు దాదాపు 29,780 సైకిల్స్, పాల్‌లో 33,247, డెండీలో 35,464. మూడూ దూరంగా ఉన్నాయి కాబట్టి పొరపాటు పడదు.

ఇప్పటిదాకా: శాశ్వత బ్యాంకు 5,511. డేటా 576.

దశ 5: ఊబి తీసేసి వాలు పెట్టడం

ఈ ఆటను ఈ ఆటగా చేసింది ఈ దశే.

మొదట్లో మారియో లాగే ఊబి ఉండేది. ఫ్రేమ్‌కు పావు పిక్సెల్ కిందికి, 48 పిక్సెళ్లు దిగితే ప్రాణం పోతుంది. బొమ్మనహాళ్ దగ్గర సొంత చేలో మేటలు పడిన ఒక రైతుకు ల్యాప్‌టాప్‌లో చూపిస్తే ఆయన కాసేపు ఆడి ఆపేశారు. "ఇసకలో మనిషి మునిగేది లేదప్పా. కాలు పైకి రాదు, అంతే" అన్నారు. నిజమే. ఊబి కావాలంటే ఇసుక రేణువుల మధ్య నీళ్లు నిండి ఉండాలి, అప్పుడు కూడా మనిషి ఒళ్లు ఆ బురద కంటే తేలిక కాబట్టి పూర్తిగా మునగడు. హగరి మేటలు పొడి ఇసుక. వేదవతి అనే హగరికి పైన కర్ణాటకలో మారికణివె, మన వైపు భైరవానితిప్ప ఆనకట్టలు ఉన్నాయి. కింద ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండిన ఇసుకే. నైరుతి గాలులు వచ్చే జూన్, జులై, ఆగస్టుల్లో ఆ ఇసుక లేచి తూర్పున కణేకల్, బొమ్మనహాళ్ మండలాల చేలల్లో మేటలు వేస్తుంది.

అందుకని ఊబి మొత్తం తీసేశాను. దాని బదులు మూడు నియమాలు:

1. ఇసుక మీద దూకే ఎత్తు సగం, నేల మీద మామూలే.
2. గాలి వైపు వాలు తక్కువ, నడక కొంచెం నెమ్మది.
3. గాలి చాటు వాలు నిటారు, ఎక్కుతుంటే ఇసుక జారి కిందికి లాగుతుంది.

వాలు ఎంత అన్నది లెక్క ప్రకారం పెట్టాలనుకున్నాను. పొడి ఇసుక కుప్ప తనంతట తాను నిలిచే వాలు దాదాపు 34 డిగ్రీలు, మేటకు గాలి చాటు వైపు ఉండేది అదే. గాలి వైపు 10 నుంచి 15. పిక్సెళ్లలో మూడడ్డం రెండు నిలువు వేస్తే 33.7 డిగ్రీలు. ఇంతకంటే బాగా కుదరదనిపించి, 48 అడ్డం 32 నిలువుతో మూడు గడుల వాలు గీసి, ఎత్తుల టేబుల్ రాసి టీవీలో చూస్తే చప్పగా ఉంది. నిటారు అనిపించలేదు. స్కేలు పెట్టి కొలిచాను: అడ్డం 46 మి.మీ., ఎత్తు 22 మి.మీ. కోణమానిని పెడితే 26 డిగ్రీలకు దగ్గర.

ఈ యంత్రం పిక్సెల్ చదరం కాదు. పాల్ టీవీ మీద దాని వెడల్పు ఎత్తుకు దాదాపు 1.39 రెట్లు. కంప్యూటర్ తెర మీద గీసిన ఏ వాలైనా టీవీలో ఆ మేరకు పడుకుంటుంది. లెక్క తిరగేస్తే:

1 అడ్డం, 1 నిలువు: టీవీలో 35.8 డిగ్రీలు
3 అడ్డం, 2 నిలువు: 25.7
2 అడ్డం, 1 నిలువు: 19.8
4 అడ్డం, 1 నిలువు: 10.2

అంటే అందరూ వాడే 45 డిగ్రీల మామూలు వాలే మన టీవీలో పొడి ఇసుక వాలుకు దగ్గర. ఆ వాలు గీసి కొలిస్తే 31 అడ్డం, 22 నిలువు వచ్చింది, సరిపోయింది. గాలి వైపుకు 4:1 ఉంచాను. ఎత్తుల టేబుల్ కూడా 16 + 64, మొత్తం 80 బైట్లకు తగ్గింది, 3:2 వాలు ఉన్నప్పుడు 112.

ఇంకో లాభం. ఈ యంత్రంలో స్ప్రైట్లను తిప్పి వాడొచ్చు కానీ బ్యాక్‌గ్రౌండ్ టైల్స్‌ను తిప్పలేం, ఎడమ వాలుకూ కుడి వాలుకూ వేరే టైల్స్ గీయాలి. మనకు గాలి పడమటి నుంచే కాబట్టి మెత్తని వాలు ఎప్పుడూ ఎడమ, నిటారు ఎప్పుడూ కుడి. తిప్పిన బొమ్మలు అక్కర్లేదు.

దీంతో ఆట దిక్కే మారింది. ఊరు తూర్పున, ఏరు పడమట. కాబట్టి ఆట తెర కుడి చివర మొదలై ఎడమకు పోవాలి. ఖాళీ బిందెతో, గాలికి ఎదురు, నిటారు వైపు నుంచి ఎక్కాలి. నిండు బిందెతో వచ్చేటప్పుడు గాలి వెనకుంటుంది, వాలు మెత్తన. నాకు ఇది చాలా నచ్చింది, కానీ ఆడిన పిల్లలందరూ ముందు కుడి బటనే నొక్కారు. "మామా, గోడ ఉండాది, పోతాలేదు" అని పక్కన పెట్టేశారు. కుడి వైపు ఇల్లు గీసి, ఆ గడపలోంచి అమ్మాయి ఎడమకు తిరిగి బయటికి వచ్చేలా చేశాక ఎవరూ అడగలేదు.

ఇప్పటిదాకా: టైల్స్ 103. శాశ్వత బ్యాంకు 5,723. డేటా 656.

దశ 6: ఎండ, దప్పిక, చెలమ

సూర్యుడు 24×24, తొమ్మిది స్ప్రైట్లు, ఒక గీత మీద మూడు. ఒక గీతలో ఎనిమిది స్ప్రైట్లు దాటితే మిగిలినవి కనిపించవు కాబట్టి 32×32 వద్దనుకున్నాను. మీదికి దూకడు. కుడి నుంచి, అంటే తూర్పు నుంచి ఎడమకు కదులుతాడు, పూట ఎంతయిందో అతన్ని చూస్తేనే తెలుస్తుంది, గడియారం బొమ్మ పెట్టలేదు. తుమ్మ నీడలో దప్పిక ఆగుతుంది.

బిందె 64 కొలతలు. బటన్ నొక్కితే అమ్మాయి అందులోంచే తాగుతుంది, ఇంటికి చేరాక మిగిలిందే స్కోరు. దప్పిక ముందు సెకనుకు ఒకటి చొప్పున పెట్టాను. మొత్తం ఎనిమిది తెరలు, 2,048 పిక్సెళ్లు, ఫ్రేమ్‌కు ఒక పిక్సెల్ నడకతో చదును నేల మీదే 41 సెకన్లు. మేటలతో కలిపితే నిమిషం దాటుతుంది. దాంతో ఎంత బాగా ఆడినా ఇంటికి ఖాళీ బిందె చేరుతోంది. ఒకటిన్నర సెకనుకు ఒకటి చేశాను. ఇప్పుడు నీడ చూసుకుని నడిచినవాళ్లకు సగం దాకా మిగులుతుంది.

చెలమే అసలు పని. ఏటి ఇసుకలో నాలుగు గడుల లోతు దాకా తవ్వొచ్చు, లోతుకు పోయేకొద్దీ నీళ్లు త్వరగా ఊరుతాయి. మొదట బావిలా నిలువుగా తవ్వనిచ్చాను, అందరూ ఒకే చోట నాలుగుసార్లు నొక్కి నీళ్లు నింపుకుని వెళ్లిపోయారు, ఆట లేదు. పొడి ఇసుక నిలువు గోడగా నిలవదు. మన ఊళ్లలో చెలమ తవ్వేవాళ్లు పైన వెడల్పుగా, గిన్నెలా తీస్తూ దిగేది అందుకే. కాబట్టి ఇప్పుడు పక్క వరుసకూ తవ్విన వరుసకూ ఒక గడి కంటే తేడా ఉంటే పక్కది జారి పడుతుంది. నాలుగు గడుల లోతు కావాలంటే అటూ ఇటూ మూడేసి వరుసలు తీయాల్సిందే. తవ్వే ప్రతి గడికీ దప్పిక, కాబట్టి ఎంత లోతు తవ్వాలన్నది ఆడేవాళ్లు లెక్కేసుకోవాలి.

కోడ్‌లో:

1. తవ్విన గడికి ఒక బిట్ అని మొదలుపెట్టాను, 512 బిట్లు, 64 బైట్లు.
2. ఇసుక మధ్యలో ఖాళీ ఉండదు, పైనుంచే తగ్గుతుంది. కాబట్టి వరుసకు ఒక లోతు అంకె చాలు. బైటుకు రెండు వరుసలు, 128 వరుసలకు అదే 64 బైట్లు. ర్యామ్ మారలేదు కానీ జారే కోడ్ సగమైంది.
3. ఫ్రేమ్‌కు ఒక్క వరుసే చూడాలి. తెరమీది 16 వరుసలు 16 ఫ్రేమ్‌లలో, అంటే 0.32 సెకన్లలో తిరిగొస్తాయి. ఇసుక ఒక్కసారిగా కాకుండా కొంచెం కొంచెంగా జారడం కంటికీ బాగుంది.
4. ఒక ఫ్రేమ్‌లో ఒక్క గడే మార్చాలి, 64 సైకిల్స్.

వీబ్లాంక్ అన్నీ కలిసి వచ్చిన చెడ్డ ఫ్రేమ్‌లో 1,558.

ఇప్పటిదాకా: టైల్స్ 109. శాశ్వత బ్యాంకు 6,111. ర్యామ్ 833.

దశ 7: గాలి

ఎగిరే ఇసుకకు 24 స్ప్రైట్లు వదిలాను. అమ్మాయి ఉన్న గీతల్లోకి అవి రాగానే బిందె మాయం, తల మాయం. ఎనిమిది స్ప్రైట్ల హద్దు మళ్లీ. ప్రతి ఫ్రేమ్‌కూ స్ప్రైట్ల వరుస మారిస్తే మాయం కావడం పోయి మినుకు మినుకు మనడం మొదలైంది, 50 హెర్ట్‌జ్‌లో అది కంటికి గుచ్చుకుంటుంది. చివరికి ఇలా కుదిరింది: ఇసుక చారలు ఆకాశపు టైల్స్‌లోనే గీసి పాలెట్‌తో కదిలించడం, స్ప్రైట్లు మాత్రం ఎనిమిదే, ఒక్కో గీతలో రెండుకు మించకుండా, అమ్మాయి తల కంటే పైన. గాలి తోపు ఫ్రేమ్‌కు పిక్సెల్‌లో 256కు 40 వంతులు.

గాలి శబ్దానికి గరగర వినిపించే నాయిస్ చానెల్. వాల్యూమ్ నెమ్మదిగా పెరిగి తగ్గేలా 32 అంకెల టేబుల్ చాలు. పాట మాత్రం పెట్టెలో వేరేలా వినిపించింది. చాలా క్లోన్‌లలో రాగం పలికే పల్స్ చానెళ్ల 25 శాతం, 50 శాతం డ్యూటీలు (శబ్దపు అల ఎంత వంతు సేపు పైన ఉంటుందన్న లెక్క) తారుమారై ఉంటాయి. 12.5, 75 మాత్రమే వాడండి. 75 చెవికి 25 లాగే వినిపిస్తుంది, తారుమారులో అది మారదు. శ్రుతి గురించి చూసుకోనక్కర్లేదు. డెండీ తరహా క్లోన్ వేగం 1.773 మెగాహెర్ట్‌జ్, అమెరికా యంత్రానిది 1.790, ఒక శాతం తేడా చెవికి తెలియదు.

వేగాలు మాత్రం చూసుకోవాలి. 60 హెర్ట్‌జ్‌లో సరిచేసిన ప్రతి అంకెనూ 1.2తో హెచ్చవేసి రెండో టేబుల్ పెట్టుకోండి. ఉదాహరణకు వాలు మీద జారే వేగం 60లో 64/256 అయితే 50లో 77/256. దూకడానికి ఇది చాలదు, గురుత్వాకర్షణను 1.44తో హెచ్చవేయాలి, ఎందుకంటే అక్కడ కాలం రెండుసార్లు వస్తుంది. 1.2తోనే వదిలేస్తే అమ్మాయి ఎత్తు ఎక్కువ దూకి మేట శిఖరం దాటేస్తుంది, మూడో తెరలో ఆట పాడవుతుంది.

ఇప్పటిదాకా: టైల్స్ 117. శాశ్వత బ్యాంకు 6,255, ఇంకా 10,129 ఖాళీ. డేటా 656 + శబ్దం టేబుల్ 32, మొత్తం 688. ర్యామ్ 833.

మిగిలిన పని

1. చెలమ నీళ్లలో ఆకాశపు రంగు కనిపించాలి. ఉమ్మడి రంగు వాడితే మధ్యాహ్నం నీళ్లు ఇసుకలో కలిసిపోతున్నాయి. నీటి అంచుకు $11 పెట్టి చూడాలి.
2. తొండ, తేలు గీశాను, కానీ తేలు నిటారు వాలు మీద నిలబడితే కాళ్లు గాల్లో ఉన్నాయి. వాలుకు వేరే బొమ్మ, నాలుగు స్ప్రైట్ టైల్స్.
3. వేరుశనగ చేను మీద ఇసుక పడే రెండో అంకం. పూటపూటకూ మేట ఒక వరుస తూర్పుకు జరగాలి. లోతు అంకెల టేబుల్‌నే ఎత్తుకూ వాడితే ర్యామ్ పెరగదు, బైటులో ఒక్కో వరుసకు ఇంకో బిట్ ఖాళీగా ఉంది.
4. 60 పిన్నుల బోర్డు గీత శుభ్రంగా మళ్లీ గీయాలి, 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్లు ఒక్కో చిప్ పక్కనే వచ్చేలా. ఇప్పుడవి బోర్డు వెనక వేలాడుతున్నాయి.